స్కిమ్మర్ గుడ్డ కింద కొత్తిమీర

పద్దెనిమిదేళ్లు సినిమా వాళ్ల మధ్య ఉద్యోగం చేశాను గానీ, ఒక్క షాటు కూడా మొదటి నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఫిలింనగర్‌లో ఒక స్టూడియోకి తోటల సూపర్‌వైజర్‌ని నేను. అందరూ హీరో మొహం చూస్తుంటే, ఆయన బూటు ఏ మొక్క మీద ఉందో నేను చూసుకునేదాన్ని.

ఈ మధ్య వ్యవసాయ కాలేజీలో చదువు ముగించుకున్న పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. ఏడాది పొడుగునా తాజా ఆకుకూరలు పండించి ఇళ్లకు అందించే కంపెనీ పెడుతున్నారట. మట్టి ఉండదు, నీళ్లలోనే వేళ్లు. ఎండ ఉండదు, దీపాలే. ఫోన్లో బొమ్మలు చూపించారు. ముచ్చటగా ఉన్నాయి. "మీ రోజుల్లో ఎండాకాలం ఎలా నెట్టుకొచ్చారు ఆంటీ?" అని అడిగారు. రెండు గంటలు చెప్పాను. వాళ్లు పుస్తకంలో రాసుకున్నది చూస్తే వేడి ఎంత, తేమ ఎంత, విత్తనం ఎంత అన్నవే ఉన్నాయి. మనుషుల సంగతి ఒక్క ముక్క లేదు. వాళ్లను తప్పుపట్టలేను, ఆ వయసులో నేనూ అవే రాసుకున్నాను. అందుకని ఆ రెండో సంగతి ఇక్కడ రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది అన్నవి ఇందులో ఉండవు. అవి నాకూ గుర్తులేవు, మీకూ పనికిరావు.

పచ్చదనం అద్దెకిచ్చే చోటు

నేను పుట్టింది తెనాలి దగ్గర. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. వ్యవసాయం చదువుతానంటే మా చర్చి పెద్దలు "ఆడపిల్లకు నాగలెందుకు" అన్నారు. "నాగలి పట్టడానికి కాదు, నాగలి పట్టేవాడికి ఏమైనా చెప్పడానికి" అన్నాడు మా నాన్న. చదువయ్యాక పెళ్లి, హైదరాబాదు, కృష్ణానగర్‌లో రెండు గదుల వాటా. పక్క వాటాలో లైట్‌మన్ సత్తిబాబు కాపురం ఉండేవాడు. గోదావరి జిల్లా నుంచి హీరో అవుదామని వచ్చి, హీరోల మీద లైటు వేసే పనిలో స్థిరపడ్డ మనిషి. స్టూడియోలో మొక్కలు తెలిసినవాళ్లు కావాలని ఆయన చెప్పబట్టే నాకు ఆ ఉద్యోగం వచ్చింది.

అక్కడి తోటపని వేరే రకం. ఇవాళ ఊటీ అనుకున్న చోట రేపు కోనసీమ కావాలి. రాత్రికి రాత్రి కుండీలు మోయించాలి. మొక్క పెరిగిందా లేదా అని ఎవరూ అడగరు, పెరిగినట్టు కనబడితే చాలు. జనవరిలో మామిడికాయలు కావాలంటే మైనం కాయలు చేసి దారంతో కొమ్మలకు కట్టేవాళ్లు. మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత్తర్వాత నాకూ అది మామూలైపోయింది. అలా మామూలైపోవడం నాకు ఎంత చెరుపు చేసిందో ముందు ముందు చెబుతాను.

యజమాని రత్నంగారిది కృష్ణా జిల్లా. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఏ విషయమైనా సినిమా లెక్కలోకి మార్చుకుంటే గానీ ఆయనకు అర్థమయ్యేది కాదు. స్టూడియో క్యాంటీన్‌లో రోజూ రెండు మూడు యూనిట్లకు వంట. తొంభైల మొదట్లో ఒక మే నెలలో, పేరున్న నటుడొకాయన రసంలో కొత్తిమీర లేదని గిన్నె పక్కకు జరిపారట. రత్నంగారు నన్ను పిలిపించారు.

"అమ్మాయ్, పండక్కి రిలీజంటే కిందా మీదా పడి పండక్కి రిలీజ్ చేస్తున్నాం కదా. మే నెలలో కొత్తిమీర ఎందుకు రిలీజ్ కాదు?"

"ఎండకి సరిగా మొలవదండీ. మొలిచినా నాలుగు ఆకులు వేయకముందే పూతకొచ్చేస్తుంది."

"అది కొత్తిమీర చెప్పే సాకు. నువ్వేమంటావు?"

ఆలోచించి చెబుతానని బయటపడ్డాను.

యాదయ్య

స్టూడియో వెనక గేటు దాటి బండల మధ్య నుంచి దిగితే, షేక్‌పేట వైపు ఒక పల్లపు నేల చెక్క ఉండేది. అందులో ఒక పాత బావి, పదిహేను దాకా మళ్లు. యాదయ్య దాన్ని కౌలుకు తీసుకుని తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేసేవాడు. మా క్యాంటీన్‌తో పాటు చుట్టుపక్కల బంగళాల వంటవాళ్లంతా ఆయన కట్టలే కొనేవాళ్లు. వానలప్పుడూ చలికాలంలోనూ మడి ఖాళీగా ఉండేది కాదు. ఉగాది దగ్గర పడుతుందనగా మళ్లు ఎండబెట్టి రాళ్లు కొట్టడానికి పోయేవాడు. జూబ్లీహిల్స్‌లో బండలు పగలగొట్టి ఇళ్లు లేపుతున్న రోజులవి, ఆ పనికి లోటు లేదు. మార్చి నుంచి జూన్ దాకా మిట్టమధ్యాహ్నం ఎండలో సుత్తి, ఉలి, దుమ్ము.

ఆ దుమ్ము ఆయన ఛాతీలో చేరింది. నాకు పరిచయమయ్యేనాటికి ఆయనకు నలభై ఏళ్లుంటాయేమో, పది మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేవాడు. ఇక రాళ్ల జోలికి పోవద్దని దవాఖానాలో డాక్టర్ గట్టిగానే చెప్పాడు. పోకపోతే ఆ మూడు నెలలు ఇల్లు గడవదు. మే నెలలో కొత్తిమీర అన్న మాట రత్నంగారికి రసం గిన్నె గొడవ. యాదయ్యకు మాత్రం అది పండితే రాళ్ల దగ్గరికి పోనక్కర్లేదు, పండకపోతే పోవాలి. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసి కూడా నేను చేసిన పని చూడండి.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కట్టిన ఇల్లు

ఆ తర్వాతి శీతాకాలంలో రత్నంగారు పాట చిత్రీకరణకని ఏదో చలిదేశం వెళ్లారు. బయట మంచు పడుతుంటే ప్లాస్టిక్ ఇళ్లలో టమాటాలు ఎర్రగా వేలాడటం చూసి మతిపోయి, ఫోటోలు పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచారు. నేనూ పుస్తకాలు తిరగేశాను. బ్రహ్మాండం అన్నాను. చలిని ఆపడానికి కట్టుకున్న ఇల్లు, ఎండతో చచ్చే మనకెందుకని అడగవలసినదాన్ని నేనే. అడగలేదు. కొత్త బొమ్మ కనబడితే చదువుకున్నవాళ్లకే ముందు కళ్లు చెదురుతాయి.

కట్టింది స్టూడియో ఆర్ట్ డిపార్ట్‌మెంట్. సెట్ వేసినట్టే వేశారు. తెల్లరంగు కమానులు, నగిషీ తలుపు, లోపలికొచ్చే కార్లకు ముందుగా అదే కనబడాలి. వేడిగాలి పోవడానికి పైన సందులు పెట్టమంటే ఆర్ట్ డైరెక్టర్ "లుక్ చెడిపోద్దండీ" అని మొహం చిట్లించాడు. సరేలెమ్మన్నాను. మైనం మామిడికాయలకు అలవాటు పడ్డ కళ్లు కదా నావి, చూడ్డానికి బాగుంటే బాగున్నట్టే అనిపించింది.

యాదయ్యను పిలిచి, ఈ ఎండాకాలం రాళ్లకు పోవద్దు, ఇందులో నువ్వే పండించమన్నాను. ఆయన లోపలికెళ్లి కాసేపు నిలబడి బయటికొచ్చాడు.

"మేడం, జరసేపు నిలబడితెనే నా బనీను తడిసింది. మొక్కకెట్లుంటది?"

"అది తేమ యాదయ్యా. తేమ ఉంటే ఆకు బాగా వస్తుంది. పుస్తకంలో ఉంది."

"పుస్తకంల ఉంటె సరే మేడం."

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. నమ్మి అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను గుచ్చేది ఆ నమ్మకమే. ఆ సాయంత్రమే వెళ్లి, ఈ ఏడు పనికి రానని రాళ్ల మేస్త్రికి చెప్పేశాడు. మేస్త్రి ఆయన చోట్లో ఇంకొకరిని పెట్టుకున్నాడు.

తాళంచెవి

మార్చిలో విత్తాం. మొదట పచ్చగా, ఒత్తుగా లేచింది. స్టూడియోకి వచ్చిన అతిథులంతా లోపల దూరి ఫోటోలు దిగడం, ఆకు గిల్లి వాసన చూడటం మొదలుపెట్టారు. విసిగిపోయి తలుపుకు తాళం వేయించాను. చెవి నా బ్యాగులో ఉండేది. రెండో చెవి యాదయ్యకు ఇవ్వాలని తోచలేదని రాసేసి ఊరుకోవచ్చు. నిజం చెప్పాలంటే, తాళంచెవి చేతికివ్వాల్సిన మనిషని ఆయన్ని నేను అనుకోలేదు.

ఏప్రిల్‌లో శుభ శుక్రవారం వచ్చింది. ఆ రోజు మాకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా చర్చిలో, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ఆరాధన ఉంటుంది. పొద్దున యాదయ్య నీళ్లు పెట్టగానే తలుపు వేయించి, తాళం వేసుకుని చర్చికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి పైరంతా ఉడికిన కూరలా నేలకు అంటుకుపోయి ఉంది. యాదయ్య తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పన్నెండింటికే తలలు వాలుస్తుంటె సూసిన మేడం. తలుపు గుంజిన. రాలే."

"ప్లాస్టిక్ చింపేయకపోయావా యాదయ్యా?"

"అనుకున్న. కొడవలి గూడ తీసిన. అయ్యగారిది గద, చింపితె ఏమంటరో అని ఆగిన."

కొడవలి ఆయన చేతిలోనే ఉంది. మూడు గంటలు దాన్ని పట్టుకుని, తన ఇంటి తిండి పల్చటి ప్లాస్టిక్ అవతల మాడిపోవడం చూస్తూ నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు. అక్కడే, ఆయన ముందే ఏడ్చాను. "ఊకోన్రి మేడం, ఏం జేస్తం" అని ఆయనే నన్ను ఊరడించాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ముందుగా చెప్పేది ఇదే. మొక్క పక్కన ఎవరు నిలబడతారో, తలుపు తెరిచే హక్కు ఆ మనిషికి ఉండాలి. ఇప్పుడు తాళంచెవుల బదులు ఫోన్లో నొక్కే బొత్తాలు వచ్చాయట. ఆ ఫోను ఎవరి జేబులో ఉందో ఒకసారి చూసుకోండి.

మర్నాడు రత్నంగారి దగ్గరికెళ్లి తప్పు నాదేనని చెప్పాను. "సినిమా పోతే మేం ఎండలంటాం, పరీక్షలంటాం, క్రికెట్టంటాం. నువ్వు నేరుగా నీ తప్పంటున్నావు. ఇంకో కథ తెచ్చుకో, వింటాను" అన్నారు. ఆ వారమే యాదయ్య బంజారాహిల్స్ వైపు వేరే మేస్త్రి కింద రాళ్లకు పోయాడు. పాత చోటు పోయింది కాబట్టి ఇంకా కష్టమైన పని, కొట్టడంతో పాటు మోయడం కూడా.

హీరోయిన్ నీడలో గడ్డి

ఏప్రిల్ చివర్లో స్టూడియో పచ్చిక మీద ఇంటిముందు సీన్లేవో పది రోజులు తీశారు. ఎండ నెత్తిన ఉన్నప్పుడు మొహాల మీద నీడలు గాట్లు పడ్డట్టు కనబడతాయని పైన స్కిమ్మర్ కడతారు. స్కిమ్మర్ అంటే వెదుళ్లకు బిగించిన పల్చటి తెల్లగుడ్డ. వెలుతురు దిగుతుంది, చురుకు దిగదు. రోజూ అదే చోట షూటింగ్ కాబట్టి గుడ్డను అలాగే ఉంచేశారు. పదకొండో రోజు విప్పుతూ సత్తిబాబు నన్ను పిలిచాడు.

"మేరీగారూ, ఇలా రండి. హీరోయిన్‌గారి కోసం కట్టామండీ. ఆవిడ రోజుకో గంట కూర్చున్నారు. మిగతా టైమంతా మీ గడ్డి కూర్చుంది. ఎలా ఉందో చూడండి."

గుడ్డ ఉన్నంత మేర పలకలా పచ్చగా ఉంది. చుట్టూ అంతా గోధుమరంగు. నీళ్లు ఒకటే, మట్టి ఒకటే. 'పాక్షిక నీడ' అన్న మాట పరీక్ష కోసం బట్టీపట్టాను గానీ, దాన్ని కళ్లతో చూడటం అదే మొదటిసారి. ఇప్పుడు బజారులో మీటర్ల లెక్కన దొరికే, నీడకు కట్టే పచ్చ వలను అప్పటికి నేనైతే చూసి ఎరగను.

లైట్ల గదిలో మూలపడేసిన చిరుగు స్కిమ్మర్లు అడిగి తెచ్చుకున్నాను. యాదయ్య రాళ్ల దగ్గర ఉన్నాడు కాబట్టి ఆయన మళ్లలో రెండింటిని, ఆయన భార్య లచ్చమ్మతో కలిసి తడిపి విత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. ఒకసారి కాలింది కాబట్టి భయంతో గుడ్డ రెండు పొరలు కట్టాను. మొలకలు వెలుతురు కోసం సన్నగా సాగి, పాలిపోయి, పక్కకు పడుకున్నాయి.

"అప్పుడు ఉడకబెట్టిన్రు, ఇప్పుడు చీకట్ల పెట్టిన్రు" అంది లచ్చమ్మ.

ఒక పొర తీసేసి మళ్లీ విత్తాం. ఈసారి ఆకు విచ్చుకుంది. బెత్తెడు ఎత్తు రాకముందే మృగశిర కార్తె వచ్చి వాన పడింది. వాన పడ్డాక కొత్తిమీర ఎవరైనా పండిస్తారు. నా ప్రయోగం నెగ్గిందో లేదో తేలకుండానే ఎండాకాలం అయిపోయింది. యాదయ్య తిరిగొచ్చాడు. వెనక గేటు మలుపు దగ్గర మనిషి కనబడకముందే ఊపిరి పీల్చే చప్పుడు వినబడేది.

లచ్చమ్మ అడిగిన ప్రశ్న

మళ్లీ ఫిబ్రవరి వచ్చింది. మేస్త్రి కబురు పెట్టాడని తెలిసి షేక్‌పేటలో వాళ్లింటికి వెళ్లాను. యాదయ్య గడప దగ్గర కూర్చుని తల వంచుకున్నాడు. లచ్చమ్మ నాకు కుర్చీ వేసి, తాను నిలబడే మాట్లాడింది.

"పోయిన ఎండకాలం మీరు చెప్పిన్రు, ఈయన ఇన్నడు. పని పాయె, పైరు పాయె. మల్ల ఏం చెప్పనీకి వచ్చిన్రు మేడం?"

"ఈసారి గుడ్డ కింద వస్తుందని నాకు నమ్మకంగా ఉంది లచ్చమ్మా. నువ్వూ చూశావు కదా."

"సూసిన. వానలొచ్చినంక సూసిన. రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయి, అప్పుడు నిలబడ్తదా మీ కొత్మీర?"

"నిలబడుతుందనే అనుకుంటున్నాను."

"నిలబడకుంటె? నిలబడ్డా నిలబడకున్నా మీ నౌకరి మీకుంటది మేడం. ఎండ మాకే కొడ్తది."

ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాను. ఆమె అన్నది నిజమే. సలహా చెప్పేవాళ్లకు నెల జీతం వస్తుంది, సలహా వినేవాళ్లకు నెల తిండి పోతుంది. ఈ తేడా ఏ పాఠంలోనూ మాకు చెప్పలేదు. ఆ సాయంత్రం రత్నంగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"మేరీ, ఒక ఆర్టిస్టుని మూడు నెలల డేట్లు అడిగితే ముందు ఏం చేస్తాం?"

"అడ్వాన్స్ ఇస్తామండీ."

"మధ్యలో మన వల్ల సినిమా ఆగిపోతే?"

"వెనక్కి అడగం."

"మరి యాదయ్య డేట్లు ఊరికే ఎలా అడిగావమ్మా? పైగా ఒకసారి సినిమా ఆపేశావు కూడా."

మార్చి నుంచి జూన్ దాకా యాదయ్యను స్టూడియో తోటమాలిగా పెట్టుకున్నారు. పొద్దున్నే పచ్చికకు నీళ్లు పెట్టి, ఆ పైన తన మళ్లు తాను చూసుకోవాలి. కొత్తిమీర వచ్చినా రాకపోయినా జీతం జీతమే. వస్తే పంట ఆయనదే, క్యాంటీన్ కొనుక్కుంటుంది. లచ్చమ్మ ఈ షరతులన్నీ నాతో రెండుసార్లు చెప్పించుకుంది. అప్పుడు మేస్త్రికి కబురు పంపింది, ఈయన రాడని.

రత్నంగారిని నేను అప్పటిదాకా హంగు మనిషనే అనుకునేదాన్ని. హంగు మనిషే, కాదనను. కానీ నేను చూసిన వ్యవసాయ పథకాల్లో సగానికి లేని బుద్ధి ఆ రోజు ఆయన నోటి నుంచి విన్నాను.

మళ్లకు కాల్‌షీటు

ఆ ఎండాకాలం మేం చేసిన పనిలో వింతలేమీ లేవు. ధనియాలు చెప్పుకాలి కింద రుద్ది బద్దలు చేసి, నానబెట్టి విత్తడం. మొలక కనబడేదాకా తడి గోనె కప్పడం. అన్ని మళ్లూ ఒకేసారి చల్లకుండా ఐదు రోజులకొకటి చొప్పున వెయ్యడం. ఇవన్నీ యాదయ్యకు కొత్త కావు. కొత్తదల్లా గుడ్డే. దాన్ని ఎండ ముదిరాక కట్టాలి, సాయంత్రం నాలుగుకు విప్పాలి. విప్పకపోతే మొక్క సాగుతుంది, కట్టకపోతే మాడుతుంది. సత్తిబాబు వచ్చి యాదయ్యకు లైట్‌మన్లు వేసే ముడి నేర్పాడు. గాలికి కదలదు, కొస పట్టి లాగితే మాత్రం ఒక్కసారే ఊడుతుంది. "మీ మళ్లకు కాల్‌షీటు వేశారన్నమాట" అని సత్తిబాబు ఏడిపిస్తే, యాదయ్య నవ్వకుండా "పదింటికి ఫస్ట్ షాట్" అనేవాడు.

ఎప్పుడు కట్టాలో నేను గడియారం చూసి చెప్పేదాన్ని. యాదయ్య మట్టిలో వేళ్లు పెట్టి చూసి చెప్పేవాడు. కొన్నాళ్లు ఇద్దరి మాటా రాసిపెట్టి పోల్చి చూశాను. మబ్బు పట్టిన రోజు గడియారానికి ఆ సంగతి తెలియదు. ఆయన వేళ్లదే సరైన మాట. ఆ తర్వాత గడియారం మానేశాను.

మొదట్లో క్యాంటీన్ ఎప్పుడడిగితే అప్పుడు కోసి పంపేవాళ్లం. ఎండలో కోసిన ఆకు వంటింటికి చేరేలోపే తల వేలాడేసేది. కష్టపడి పండించి దారిలో చంపుకోవడమన్నమాట. పొద్దు పొడిచేలోపు కోసి, తడిగోనె చుట్టి బావి నీడన పెట్టడం మొదలుపెట్టాక సాయంత్రం దాకా నిలిచింది.

మే మధ్యలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. ముళ్లు గట్టిగానే ఉన్నాయి, గుడ్డలే చిరిగాయి. ఒకటి ఎగిరి పక్క బంగళా ప్రహరీ మీద పడింది. వెదురు విరిగి ఒక మడి నాశనమైంది. మర్నాడు లచ్చమ్మ సూదీదారం పట్టుకుని కూర్చుంది, మధ్యాహ్నానికి గుడ్డలు మళ్లీ మళ్ల మీద ఉన్నాయి. పోయిన మడి వెనక ఇంకో నాలుగు మళ్లు వరసగా ఎదుగుతున్నాయి కాబట్టి, ఆ సంగతి క్యాంటీన్‌కు తెలియనే లేదు. ఏడాది పొడుగునా అందించడమంటే ఎక్కడా తప్పు జరగకూడదని పిల్లలు కంగారు పడుతుంటారు. తప్పు జరుగుతుంది. దాని వెనక ఇంకో మడి ఉండేలా చూసుకోండి.

అన్నీ అన్ని కాలాల్లో అక్కర్లేదు

మే నెలలో మా కొత్తిమీర సంగతి పాకి, జూబ్లీహిల్స్ వంటవాళ్లతో పాటు బంజారాహిల్స్ వాళ్లూ రావడం మొదలుపెట్టారు. ఒక నిర్మాతగారి భార్య అదే గుడ్డ కింద కాలీఫ్లవర్ కూడా కాయించమని అడిగారు. కుదరదండీ, చలికాలం దాకా ఆగండి అన్నాను. ఆవిడకు కోపం వచ్చింది, నాకు రాలేదు. ఏది ఎప్పుడు కావాలన్నా తెచ్చివ్వగలం అనడం గొప్ప కాదని నా అభిప్రాయం. పూటపూటా కావలసిన ఆకు, రైతుకు ఏ నెలా ఖాళీ లేకుండా చేసే ఆకు పండించండి. మిగతావాటికి వాటి కాలం ఉంది, ఎదురుచూసి తింటే రుచి కూడా ఎక్కువ.

ముందు ముందు గాజు ఇళ్లే వస్తాయో, నేల అక్కర్లేని పంటలే వస్తాయో నాకు తెలియదు. వస్తే రానివ్వండి, చూడ్డానికి నాకూ సరదాగానే ఉంటుంది. యాదయ్య సాగు చేసిన చెక్కలో ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లుంది. అది లేవకముందే ఆయన షేక్‌పేట అవతల ఇంకో చెక్క కౌలుకు పట్టి, స్కిమ్మర్లు వదిలేసి పచ్చ వలలు కట్టాడు. రాళ్ల దగ్గరికి మళ్లీ పోలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పనేమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్కటి చెబుతాను, అందులోనూ సగం పని సత్తిబాబుదీ రత్నంగారిదీ.

గుడ్డ కింద పండిన ఆ మొదటి ఏడు రోహిణి కార్తెలో ఒక రోజు నాలుగు గంటలకు చూద్దునుగదా, మళ్ల మీద గుడ్డలు ఇంకా అలాగే ఉన్నాయి. యాదయ్య ఎప్పుడూ వేళ తప్పడు. ఏమైందోనని గబగబా కిందికి దిగాను. గట్టు మీద కూర్చున్న లచ్చమ్మ నన్ను చూసి, చప్పుడు చేయొద్దని చెయ్యి ఊపింది. రెండు మళ్ల మధ్య కాలవగట్టు మీద, స్కిమ్మర్ నీడలో, తువ్వాలు తలకింద పెట్టుకుని యాదయ్య నిద్రపోతున్నాడు. చెవి పెట్టి వింటే తప్ప ఊపిరి వినబడటం లేదు.

"లగ్గమైనకాడికెల్లి ఎండకాలంల ఈయన పగటినిద్ర సూడలే మేడం" అంది లచ్చమ్మ, గొంతు తగ్గించి. "లేపకున్రి."

నేను లేపలేదు. ఒక్కొక్క మడి దగ్గరికీ వెళ్లి కొస పట్టి లాగుతూ గుడ్డలన్నీ నేనే విప్పాను. ఆయన మీద నీడ పడుతున్న గుడ్డ ఒక్కటి వదిలేశాను. ఆ మడిలో కొత్తిమీర ఆ రోజుకు కాస్త సాగితే సాగిందిలే అనుకున్నాను.